నాయన కుర్చీ కోసం ఆగని ఉపగ్రహం

మొన్న శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగురుతుంటే మా మనవరాలు ఫోనులో చూపిస్తూ, నేను మంచినీళ్లకని లేవబోయేసరికి తెర మీద వేలు పెట్టి దాన్ని ఆపేసింది. "నిదానంగా రా తాతా, ఆడనే ఉంటాది" అంది. నిప్పూ పొగా గాలిలో అట్లాగే నిలబడి నా కోసం కాచుకొని ఉండటం చూస్తే మా నాయన గుర్తుకొచ్చి, నీళ్లు తాగకుండానే మళ్లీ కూర్చున్నాను.

నా ఈడువాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, డెబ్బై అయిదులో అంతరిక్ష సంస్థ వారు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ చూపించడానికి మన జిల్లాలో కొన్ని ఊళ్లను ఎంచుకున్నారు. ఆళ్లగడ్డకూ దొర్నిపాడుకూ నడుమనున్న మా ఊరు అందులో ఒకటి. నంద్యాల నుంచి జీపులో పెట్టె వచ్చింది. బడి ఆవరణలో ఇనుప వలతో చేసిన పెద్ద గొడుగులాంటిదాన్ని పడమటి ఆకాశం వైపు తిప్పి నిలబెట్టారు. ఊరివాళ్లు దాన్ని జల్లెడ అనేవారు. బి.ఏ. చదివి ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న నాకు తాళం ఇచ్చి, ఏ వేళకు స్విచ్చి వేయాలో నేర్పించారు.

మా తాతగారి కాలంలో ఆ చుట్టుపక్కల మాది కాని చేను తక్కువ. నాయన నాటికి మిగిలింది ఇంటిపేరూ, ఒక టేకు కుర్చీ. ఎట్లా పోయాయో చెప్పుకునే అలవాటు మా ఇంట లేదు, ఇప్పుడూ చెప్పను. ఒక ఆనవాయితీ మాత్రం నిలిచింది. తోలుబొమ్మలాటైనా, వీధి నాటకమైనా, మా కుర్చీ వేసి, నాయన వచ్చి కూర్చున్నాకే మొదలుపెట్టాలి. ఆయన అందరికన్నా చివర వచ్చేవాడు, అదే పెద్దరికం. కుర్చీ మోసే మనిషి లేకపోయాక, జనం చేరకముందే నేనే తీసుకెళ్లి వేసి వచ్చేవాణ్ణి.

మొదటి సాయంత్రమూ అట్లాగే వేశాను. ఊరంతా చాపల మీద కూర్చుంది. వేళ అయింది, నాయన రాలేదు. చెయ్యి స్విచ్చి మీదే ఉంది గాని వేయలేకపోయాను. వేయమని ఎవరూ అనలేదు కూడా. ఆ ఏడు వేరుశనగ చేలకు తెగులు తగిలి, దానికి మందు చెబుతారనే అందరూ వచ్చారు. నాయన పైపంచె సర్దుకుంటూ నింపాదిగా వచ్చి కూర్చున్నాక స్విచ్చి వేస్తే, తెర మీద మందు డబ్బాకు మూత పెడుతున్న చెయ్యి ఒకటి కనబడి మాయమైంది.

ఒకప్పుడు మా చేలలో కలుపు తీసిన అవ్వ నా వైపు తిరిగింది. "ఏం సామీ, ఆకాశంలో తిరిగేది గూడా మీ నాయన లేసొచ్చేదాంక ఆగుతాదనుకుంటివా?"

అడిగింది నన్నే గాని, విన్నది నాయన. అందరూ నవ్వారు.

ఎవరినీ వేళ అడిగి ఎరగని మనిషి, మర్నాడు పొద్దున నా వైపు చూడకుండా అడిగాడు. "ఏమ్రా, ఆ పెట్టె ఎన్ని గంటలకు మొదలైతాది?"

చెప్పాను. సాయంత్రం కుర్చీ ఎత్తబోతే దాని మీద చెయ్యి వేసి ఆపాడు. నేను బడి తాళం తీసేసరికే ఒట్టి చేతులతో గోడ పక్కన నిలబడి ఉన్నాడు. జనం వచ్చి చాపల మీద కూర్చున్నారు. అవ్వే కాస్త జరిగి, చాప మీది దుమ్ము అరచేత్తో తుడిచి, "కూచో నాయనా, ఎంతసేపని నిలబడతావ్" అంది. నాయన వీపు వంచకుండానే మఠం వేసుకుని కూర్చున్నాడు. నేను వేళకు స్విచ్చి వేశాను.

ఆ ఏడాది పొడుగునా ఆయన ఒక్క సాయంత్రం తప్పలేదు, ఒక్క సాయంత్రం ఆలస్యం కాలేదు. ఆ సంస్థ వారు ముందే చెప్పినట్టు, ఏడాది నిండగానే ఉపగ్రహాన్ని వేరే దిక్కుకు జరిపేశారు. మర్నాడు కూడా నాయన, అవ్వ ఆ వేళకే వచ్చారు. నేను స్విచ్చి వేస్తే తెర నిండా తెల్లటి చుక్కలు. యాడికి పాయ నాయనా అది, అని అవ్వ అడిగితే, నాయన జల్లెడ వైపు చూసి అన్నాడు. "ఇంగో ఊరోళ్లు గూడా చూడల్ల గదమ్మా."

ఇప్పుడు ఆకాశం అరచేతిలోకి వచ్చింది, వేలు పెడితే ఆగుతుంది. ఎవరి కుర్చీ వాళ్లకు దక్కింది, చాప మీద పక్కవాళ్లు జరిగి చోటివ్వడం మాత్రం పోయింది. మనవరాలితో అన్నాను, ఈసారి రాకెట్ ఎగిరేటప్పుడు నా కోసం ఆపవద్దని. వేళ చెబితే చాలు, నేనే ముందొచ్చి కూర్చుంటాను.