తువ్వాలు కింది బేరం

కర్ఖేలి రాజన్న ఒకసారి నిజామాబాద్ నుంచి వచ్చే రైలింజనుకు బేరం పెట్టాడు. నమ్మనివాళ్లు కర్ఖేలి స్టేషనులో అడగొచ్చు, అక్కడివాళ్లు దీనికి ఇంకో రెండు కలిపి చెబుతారు. డ్రైవరు చేతి మీద తువ్వాలు కప్పి వేళ్లు నొక్కాడట, ఇంజను మూతి పైకెత్తి పళ్లు చూశాడట, "వయసు మళ్లింది, దుక్కికి పనికిరాదు" అని వదిలేశాడట. ఆ ఇంజను ఈనాటికీ కర్ఖేలి దాటేదాకా సిగ్గుతో కూత వెయ్యదు.

రాజన్న పని ఎడ్ల దలాలీ. సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదర్చాలి. అయితే ఆ బేరం నోటితో జరిగేది కాదు. రెండు చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. దాని కింద వేళ్లు పట్టుకుని, నొక్కి, విడిచి ధర చెప్పుకుంటారు. పైన మొహాలు మాత్రం ఏమీ ఎరగనట్టు వానల సంగతీ పత్తి పురుగు సంగతీ మాట్లాడుకుంటూ ఉంటాయి. చుట్టూ ఊరంతా మూగినా ఎద్దు ఎంతకు పోయిందో ఆ రెండు చేతులకే తెలుసు.

ధర నోట పడితే పశువుకు దిష్టి తగులుతుందని, ఆ తర్వాత జనం ఎద్దును చూడరని, అంకెనే చూస్తారని రాజన్న తండ్రి చెప్పిపోయాడు. తండ్రి చెప్పినవాటిలో రాజన్న విన్నది ఇదొక్కటే, విన్నందుకు గట్టిగా పట్టుకున్నాడు. బుద్ధెరిగాక ఏ వస్తువు ధరా అతడి నోట రాలేదు. ఒకసారి వంకాయలు తెమ్మంటే బుట్ట ముందు గొంతుక్కూర్చుని, తువ్వాలు తీసి, అమ్మే ముసలమ్మ చెయ్యి అందుకోబోయాడు. ఆ ముసలమ్మ వంకాయలు వదిలేసి పక్క స్టేషను ఉమ్రి దాకా పరుగెత్తింది. అప్పటినుంచి కూరగాయలకు భార్య కాశీబాయే వెళుతుంది.

ఇంత గుట్టుగా బతికిన మనిషి మీదికి ఫోన్ల కాలం వచ్చి పడింది.

మొదట సంతకు వచ్చే కుర్రకారు మారిపోయారు. ఎద్దును చూడకముందే దాని ధర చూసుకుని వస్తున్నారు. ఒకడు ఏకంగా ఫోను తెచ్చి రాజన్న ముక్కు ముందు పెట్టాడు.

"కాకా, లోహా సంత దిక్కు గిసొంటి జోడే ఎంతకు వోయిందో సూడు."

రాజన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "తియ్యిరా ముందుగాల. బట్టల్లేని ధర నాకు సూపియ్యకు."

"అందరికీ తెల్సిందే గద కాకా!"

"అందరికీ తెల్సినంక ఇగ నేనెందుకు, నా చెయ్యెందుకు?"

ఆ మాట అన్నది తనే అయినా అది తననే పట్టుకుంది. అప్పటినుంచి రాజన్నకు ఒక చోట కాలు నిలవలేదు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే నడుస్తాడు, సంత ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి ఎందుకొచ్చానా అని చూసి మళ్లీ తిరిగొస్తాడు. నొక్కడానికి చెయ్యి దొరకని వేళ్లు మోకాలి మీద వాటంతటవే ఆడుతుంటాయి. దొరికితే గేదె కొమ్మునైనా నొక్కుతాయి.

"కూసుంటె ముండ్లు గుచ్చుతున్నయా?" అంటుంది కాశీబాయి.

"కూసునేతందుకు పని ఉండాలె గద" అని అతడు లేచిపోతాడు.

బయటే కాదు, ఇంట్లోనూ నిలవలేకపోయాడు. కూతురు శివాని నాందేడ్‌లో చదువు ముగించుకొచ్చి, ఇంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేస్తోంది. ఎక్కడి కంపెనీయో ఫోటోలు పంపుతుంది. వాటిలో ఎద్దు కనబడితే ఎద్దు చుట్టూ, కుక్క కనబడితే కుక్క చుట్టూ గీత గీసి పేరు పెట్టాలి. అలా లక్షలకొద్దీ బొమ్మలు చూసి మిషను నేర్చుకుంటుందట. రాజన్న గుమ్మం దగ్గర నిలబడి చూసేవాడు.

"గీ ఎద్దు ఎవలిది బిడ్డా?"

"తెల్వదు బాపూ."

"కొనెటోడెవడు?"

"ఎవ్వలు కొనరు. ఇది ఎద్దు అని మిషన్‌కు సెప్తున్న. గంతే."

"ఎద్దును ఎద్దని సెప్తె నౌకరి ఇస్తరా?"

"ఇచ్చిండ్రు గద."

రాజన్న వాకిట్లోకి వెళ్లాడు, మళ్లీ లోపలికి వచ్చాడు. "పండ్లు సూడకుండనే?"

"పండ్లు అక్కెర లేదు బాపూ."

పళ్లు చూడకుండా ఎడ్లను నేర్చుకునే మిషనును తలచుకుంటూ అతడు ఊరి చుట్టూ తిరిగిన తిరుగుడుకు కొత్త దారి పడింది. పంచాయతీవాళ్లు అది పాత రోడ్డే అనుకుని కంకర పోయించారు.

అలాంటి రోజుల్లో శివవ్వ వచ్చింది. పక్క వీధి మనిషి. మోకాళ్లు సహకరించక చేను కౌలుకిచ్చేసింది. కౌలుదారు ట్రాక్టరు పెట్టాడు. ఇంటి దగ్గర మిగిలింది ఎర్ర కంధారి జాతి ఎడ్ల జోడి, లేగలప్పటి నుంచి సాకినవి. నాగలికి ఎడమ వైపు కట్టేది దాపటెద్దు, కుడి వైపుది వలపటెద్దు. ఏనాడూ అటుది ఇటు మారలేదు. దాపటిదాన్ని నీళ్లకు తోలుకుపోతే, అది తిరిగొచ్చేదాకా వలపటిది గడ్డి ముట్టదు.

"తమ్మీ, రెండూ ఒక్క ఇంటికే పోవాలె. దున్నేటోల ఇంటికి" అంది శివవ్వ. "ఇడదీసినవనుకో, నా గడప తొక్కకు."

"మాటిస్తున్న అక్కా. జోడి ఇడువ."

శివవ్వ తన కొంగు కప్పి, అతడి వేళ్లు నొక్కి, తనకు ఎంత కావాలో చెప్పింది. రాజన్న మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్లకో ఒక చెయ్యి దొరికింది.

కానీ సంత వెంట సంత గడిచినా జోడి కదల్లేదు. చూసినవాళ్లంతా మెడ నిమిరి, గంగడోలు మెచ్చుకుని, "మాకు ట్రాక్టరున్నది" అని వెళ్లారు. చివరికి శివవ్వ కబురు చేసింది. మేత అయిపోయింది, వచ్చే సంతలో ఏదో ఒకటి తేలాలి. అప్పుడు శివాని జోడిని నడిపించి వీడియో తీసింది.

"ధర పెట్టకు" అన్నాడు రాజన్న.

"పెట్ట తియ్యి."

వీడియో ఎడ్ల గ్రూపులన్నిట్లోకి వెళ్లింది. ఫోన్లు ఎంతగా మోగాయంటే, ఫోను పెట్టిన గాదెలో జొన్నలు వాటంతటవే పేలాలయ్యాయి. లాతూరు నుంచి, ఆదిలాబాద్ నుంచి, బీదరు నుంచి. అందరూ అడిగింది ఒకటే: ఎంత? ఆ మాట వినబడగానే రాజన్న నోరు బిగుసుకునేది. అవతలివాళ్లు "హలో, హలో" అని అరిచి, లైను పోయిందనుకుని పెట్టేసేవారు.

"బాపూ, నోరు తెరిస్తె ఏం పోతది?"

"మీ తాత పోతడు."

"తాత పోయి ఎన్నేండ్లాయె!"

"మల్ల పోతడు."

సంత రోజు వచ్చింది. శివవ్వ రెండు పలుపులూ చేతికి చుట్టుకుని ఎడ్ల మధ్య నిలబడింది. అంతలో రాధాకిషన్ వచ్చాడు. ఊళ్లో మోతుబరి, ట్రాక్టరున్నా గడెం కట్టి దున్నడానికి ఎడ్లను ఉంచుకున్నవాడు. ఆయన దాపటెద్దు ఆ నెలే చచ్చిపోయింది. జోడి సంగతి ఆయనకు అక్కర్లేదు.

"బోల్ నా రాజన్నా. దాపటిది ఒక్కటే. చెయ్యి ఇయ్యి."

వేరే ఎవరూ అడగలేదు. రాజన్న కుడి చెయ్యిచ్చాడు. తువ్వాలు కప్పుకుంది. రెండూ తీసుకో అని అతడి వేళ్లు నొక్కాయి. ఒక్కటే అని రాధాకిషన్ వేళ్లు తిరిగి నొక్కాయి. ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. ధర కుదిరాకే చెయ్యి బయటికి రావాలి. మధ్యలో లాగేస్తే బేరం తెగినట్టే, మళ్లీ ఆ చేతికి చెయ్యి అందదు.

అప్పుడు శివాని ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "బాపూ! మాండవి అడివి దిక్కు నుంచి గోవింద్ అనెటాయన. జోడి కావాల్నంట!"

తెర మీద ఒక ఎండిన మొహం, దాని వెనక ఏటవాలు చేను, అక్కడక్కడా నరికిన చెట్ల మొద్దులు.

"రాజన్న మామా! వీడియో సూసిన. మా సేన్లన్ని గుట్ట మీదనే. ట్రాక్టర్ ఎక్కది. రెండూ కావాలె. టెంపో తయారున్నది. ధర సెప్పు."

"నువ్వు రా బిడ్డా. అచ్చినంక చెయ్యి కలుపుదాం."

"అంత దూరమచ్చి కుదరకపోతె ఖాళీ టెంపో తోలుకపోవాల్నా? ఇప్పుడే సెప్పు. ఫోను దుకాణపాయనది, గుంజుకుంటుండు."

"నేను రాసి పంపుత. నాకు సెప్పు బాపూ" అంది శివాని.

"నాకు సదువు రాదు బిడ్డా" అన్నాడు గోవింద్. "దుకాణపాయనతోని సదివిపిస్తె అడివంత తెలుస్తది. నోటితోనే సెప్పుమను, నేనొక్కన్నే ఇంట."

రాజన్న కుడి చెయ్యి తువ్వాలు కింద ఇరుక్కుని ఉంది. అతడు అటు చూశాడు, ఇటు చూశాడు. చటుక్కున, "బిడ్డా, నీ చున్నీ ఫోను మీద కప్పు" అన్నాడు.

శివాని "బాపూ!" అంటూనే చున్నీ కప్పింది. రాజన్న ఎడమ చెయ్యి చున్నీ కిందికి దూర్చి, తెర ముందు వేళ్లు మడిచాడు, తెరిచాడు.

"మామా, సీకటైంది" అంది ఫోను. అంతలోనే, "ఆఁ, సమజైంది" అంది. మాండవిలో గోవింద్ కూడా తన భుజం మీది తువ్వాలు తీసి ఫోను మీద కప్పాడు.

"నొక్కినవా?" అన్నాడు రాజన్న.

"నొక్కిన. నువ్వు నొక్కినవా?"

"నొక్కుతనే ఉన్న. తెల్వలేదా?"

"నాకు అద్దమే తల్గుతున్నది మామా!"

సంత సంతంతా పగలబడి నవ్వింది. గాడిదలు పడుకుని దొర్లాయి. శివాని చున్నీ లాగేసుకుని మొహం కప్పుకుంది. నవ్వనివాళ్లు ఇద్దరే. శివవ్వ దాపటెద్దు పలుపును చేతికి ఇంకో చుట్టు తిప్పుకుంది. రాధాకిషన్ విసుక్కున్నాడు.

"ఇటు బేరం నడుస్తుంటె అటు బేరమా? మనిషివేనా నువ్వు? ఇగో, ఆఖరు." తువ్వాలు కింద ఆయన వేళ్లు నొక్కాయి. దాపటెద్దుకు అది మంచి ధర, ఇంకెవరూ ఇవ్వని ధర. రాజన్న బొటనవేలు ఒక్కసారి నొక్కితే చాలు, అంతా అయిపోతుంది.

"మామా, పోతున్నది ఫోను... సెప్పుతవా లేదా?"

రాజన్న శివవ్వను చూశాడు. ఆమె అతణ్ని చూడటం లేదు. పలుపు చుట్టిన తన చేతినే చూసుకుంటోంది.

రాజన్న కుడి చెయ్యి బయటికి లాగేశాడు. తువ్వాలు పేడలో పడింది.

"తెగింది!" అన్నాడు రాధాకిషన్, చెయ్యి దులుపుకుని. "ఇగ నా దిక్కు రాకు."

ఆ తర్వాత జరిగింది సంతలో ఉన్నవాళ్లు తలా ఒక రకంగా చెబుతారు గానీ అసలుది ఇది. రాజన్న ఫోను రెండు చేతులా పట్టుకుని, గుండెల నిండా ఊపిరి తీసుకుని, ధర పలికాడు. ఆ కేకకు సంతలో పశువులు నెమరు ఆపాయి. ఫోను టవరు వంగి మళ్లీ నిలబడింది. బాసరలో గోదావరి అవతలి ఒడ్డున ఎడ్లు కొనుక్కుంటున్నవాళ్లు కూడా తమ తమ బేరాలు సవరించుకున్నారు. అరవై ఏళ్లుగా లోపల మూలుగుతున్న ధరలన్నీ ఆ ఒక్క ధర వెంట తోసుకుని బయటికొచ్చాయి. గోవింద్ "ఖాయం" అన్నాడు. సాయంత్రం టెంపో వచ్చింది. దాపటిది ఎడమ వైపు, వలపటిది కుడి వైపు ఎక్కి నిలబడ్డాయి. శివవ్వ టెంపో వెనక నాలుగడుగులు నడిచి ఆగిపోయింది. వచ్చేటప్పుడు తువ్వాలు ఉతికి రాజన్న దండెం మీద ఆరేసి వెళ్లింది.

ఇప్పుడు కర్ఖేలిలో ఎవరింట్లో ఎద్దున్నా వీడియో తీసి రాజన్న దగ్గరికే తెస్తున్నారు, ఆ కేక ఇంకోసారి వేస్తాడేమోనని. అతడేమో కుదురుగా కూర్చోడు. ఈ కథ మొహాన చెప్పినా కాలు ఊపుతూనే వింటాడు, వేళ్లు మోకాలి మీద ఆడుతూనే ఉంటాయి. అంతా విని, లేచి, చెప్పులేసుకుంటూ అంటాడు:

"కేక ఎయ్యలే. నోట్లెనే గొణిగిన. గోవింద్‌కు ఇనబడక రెండోసారి సెప్పవడ్డది."