తాళం వేశావా

ఆ రేవులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ డీజిల్ మేస్త్రే. ఎంత సబ్బు రుద్దినా ఆ వాసన వదిలేది కాదు, అందుకని భార్య ఆయన చొక్కాలు వేరే తీగ మీద ఆరేసేది. ఇంజను పాడైందంటే స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. రోగం ఫలానా అని తేల్చేసేవాడు. ఏళ్ల తరబడి ఆ మోతలో పడి ఉంటే ఎవరి చెవులు మాత్రం మిగులుతాయి? సన్నటి చప్పుళ్లు వినబడటం ఏనాడో మానేశాయి. ఒప్పుకుంటే కదా! వినబడట్లేదా మేస్త్రీ అని ఎవరైనా అడిగితే, నువ్వే గొణుగుతున్నావని ఎదురు తగులుకునేవాడు.

ఆయన బావది నీళ్లలో పని. పడవల కింద మునిగి, అడుగుకు పట్టిన నాచూ గుల్లలూ గీకేవాడు, పడవను నడిపే ఫ్యానుకు చుట్టుకున్న తాళ్లు కోసేవాడు. అక్క మొగుడు కాబట్టి వేళాకోళానికి అడ్డేముంది? వాళ్లిద్దరూ ఒక పడవ మీద చేరారంటే చుట్టుపక్కలవాళ్లు పని ఆపి వినేవాళ్లు. మా అక్కని కట్టబెట్టి నీకు తీరని అన్యాయం చేశామని ఈయన అంటే, నీ కబుర్లు తప్పించుకోవడానికే నీళ్లలో మునుగుతున్నానని ఆయన అనేవాడు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ నవ్వేవాళ్లు కారు. కొత్తల్లో ఒకసారి, ఇంజను ఆపి ఉన్నా అల తోసిన తోపుకు ఫ్యాను దానంతట అదే తిరిగి బావ బొటనవేలి గోరు లేచిపోయింది. అక్క ఆ వేలికి కట్టు కడుతూ తమ్ముడి వైపు చూసి, "పైన నువ్వుండి కూడా ఇలా అయితే ఎలారా?" అంది. ఆ మాట ఆయన మనసులో ములుకులా దిగింది. అప్పటినుంచి బావ దిగేముందు ఇంజను ఆపి, లివరు ముందుకు తోసి గేరులో పడేసేవాడు. ఆగిన ఇంజను గేరులో ఉంటే ఫ్యానును బిగబట్టుకుంటుంది, ఎంత అల వచ్చినా అది కదలదు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు తాళం. బావ పడవ అంచు పట్టుకుని నీళ్లలో వేలాడుతూ తాళం వేశావా అని అడిగేవాడు. వేశా, వెళ్లు అని ఈయన అనేవాడు. ఆ మాట వినకుండా బావ మునిగిన రోజు లేదు.

తరవాత పడవలకి కరెంటు మోటార్లు వచ్చాయి. మేస్త్రి మొదట్లో అవి కుట్టుమిషన్లకి పెట్టుకోండని వెక్కిరించాడు. చేతిలో పని తగ్గేసరికి నోరు మూసుకుని నేర్చుకున్నాడు. రిటైరైన లెక్కల మాస్టారొకాయన తన తెరచాప పడవ తెచ్చి, డీజిల్ ఇంజను తీసేసి మోటారు బిగించమన్నాడు. గాలి లేనప్పుడు పడవ బ్యాటరీల మీద నడవాలి, బ్యాటరీలు నింపడానికి చిన్న డీజిల్ జనరేటరు ఒకటి ఉండాలి.

పాత ఇంజను ఒకప్పుడు మేస్త్రి తన చేత్తో ఆ పడవలోకి దించినదే. ఇప్పుడు ఆ చేత్తోనే గొలుసులు కట్టి దాన్ని పైకి లేపాడు. ఆ బరువు పోయేసరికి పడవ వెనక భాగం తేలిపోయింది. బ్యాటరీలు అటూ ఇటూ మోసి పడవను మట్టానికి తెచ్చేసరికి నడుం విరిగింది. పాత లివరు మాత్రం పారేయబుద్ధి కాలేదు. దాన్నే తుడిచి, ముందుకు తోస్తే తిరిగేలా కొత్త మోటారుకి కలిపాడు. పడవ గది మెట్ల పక్కన బ్యాటరీల కరెంటు ఆపే పెద్ద ఎర్ర స్విచ్చి బిగించి, మాస్టారి చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాడు. "జనరేటరు ఆపితే మోటారు చచ్చినట్టు కాదండీ. దాని ప్రాణం బ్యాటరీల్లో ఉంది. ఎవరైనా నీళ్లలో దిగాలంటే ముందు ఈ ఎర్రది కట్టెయ్యాలి."

పరీక్ష చూడటానికి పడవ తీసిన రోజు బావ కూడా సరదాకి ఎక్కాడు. తిరిగొస్తూ రేవు ముఖద్వారం దగ్గర కొట్టుకొస్తున్న వల తాడు ఒకటి ఫ్యానుకి చుట్టేసుకుంది. పక్కనే బండరాళ్లు, గాలి అటే తోస్తోంది. గబగబా లంగరు వేశారు. బావ కత్తి పళ్ల మధ్య పెట్టుకుని చొక్కా విప్పి, కత్తి చేతిలోకి తీసుకుని దిగాడు.

మేస్త్రి లివరు మధ్యకి లాగి, జనరేటరు ఆపాడు. మోత ఆగింది. పడవ మీద అలాంటి నిశ్శబ్దానికి ఆయన బతుకంతా ఒకటే అర్థం, ఇక భయం లేదని.

"తాళం వేశావా?" అన్నాడు బావ నీళ్లలోంచి.

చెయ్యి దానంతట అదే లివరు మీదికి వెళ్లింది. ముందుకు తోశాడు.

"వేశా, వెళ్లు."

తాడు బిగుసుకుని ఉండటంతో ఫ్యాను కదల్లేదు. మోటారు సన్నగా మూలుగుతోంది. మాస్టారికి వినబడింది, కొత్త యంత్రం కదా, దాని తీరే అంతేమో అనుకుని ఊరుకున్నాడు. మేస్త్రికి వినబడలేదు. కింద బావ పేటలు ఒక్కొక్కటే కోసుకుంటూ వచ్చాడు. ఆఖరి పేట తెగింది.

పడవ ముందుకి ఉరికి, లంగరు తాడు బిగుసుకుంది. ఎందుకు కదిలిందా అని మేస్త్రి వంగి చూసేసరికి నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆస్పత్రిలో బావకి తెలివొచ్చేసరికి అక్క మందులకని బయటికి వెళ్లింది, మేస్త్రి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చచ్చిపోతే బాగుండుననిపిస్తోంది.

"తాళం మరిచిపోయావు, అంతే కదరా. కంగారులో ఎవరైనా మరిచిపోతారు" అన్నాడు బావ.

తల ఊపేస్తే అక్కడితో పోయేది. ఊపలేకపోయాడు.

"మరిచిపోలేదు బావా. వేశాను. మరిచిపోయుంటే నీ చెయ్యి నీకుండేది."

బావకి ముందు అర్థం కాలేదు. లివరు సంగతి, ఎర్ర స్విచ్చి సంగతి మేస్త్రి విడమరిచి చెప్పాడు. అంతా విని బావ మొహం అటు తిప్పుకున్నాడు. అటు తిరిగే అన్నాడు:

"మీ అక్కకి మాత్రం మరిచిపోయాననే చెప్పు. నువ్వే తిప్పావంటే అది తట్టుకోలేదు."

అలాగే చెప్పాడు. అక్క ఏడ్చింది, తిట్టింది, పోనుపోను తిట్టడం మానేసింది. తమ్ముడికి వయసు మీదపడి మతిమరుపు వచ్చిందని ఆమెకి నమ్మకం కుదిరింది. మేస్త్రి మళ్లీ ఏ పడవా ఎక్కలేదు. రోజూ సాయంత్రం వెళ్లి బావకి చొక్కా గుండీలు పెట్టి, గడ్డం గీసి వస్తాడు. ఇద్దరి మధ్యా పరాచికాలు లేవు.

వచ్చేటప్పుడు అక్క వంటింట్లోంచి చిన్నపిల్లాడికి చెప్పినట్టు గుర్తుచేస్తుంది. గొడుగు మరిచిపోకు, కళ్లజోడు మరిచిపోకు. ఆఖరికి ఆయన గుమ్మం దాటాక కేకేస్తుంది.

"గేటుకి తాళం వేశావా?"

అరుగు మీద బావ తల దించుకుంటాడు.

"వేశానక్కా" అంటాడు మేస్త్రి.