నూట తొంభై రెండో పేజీ వరకు

"సివర్న ఆ అక్క రైలెక్కిందా బాబూ? మా ఇంటిది అడిగి రమ్మంది."

ఒక ఆదివారం పొద్దున, జంషెడ్‌పూర్‌లోని మా తెలుగు సంఘం చదువుల గదిలో, ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపే ఒకాయన నా బల్ల ముందు నిలబడి ఈ మాట అడిగాడు. చేతిలో కొత్త నవల ఉంది. దాన్ని సిఫారసు చేసింది నేనే. గోడకు అంటించిన కొత్త పుస్తకాల జాబితాలో దాని పేరు పక్కన 'చివరి పేజీల కోసమైనా చదవాలి' అని నా చేతిరాత కనిపిస్తూనే ఉంది. ఆ చివరి పేజీలు నేను చదవలేదు.

అవి తొంభైల నడిమి రోజులు. నేను అక్కడొక దినపత్రిక డెస్కులో పనిచేసేవాణ్ణి. సంఘానికి ఏడాదికి రెండు మూడు సార్లు కొత్త తెలుగు పుస్తకాల పార్సిల్ రైల్లో వచ్చేది. ఒక్కో పుస్తకం గురించి రెండు వాక్యాలు రాసి గోడకు అంటించే పని నాకు అప్పగించారు. పత్రికలో మధ్యాహ్నం చేతికొచ్చిన పుస్తకం మీద నాలుగింటికల్లా సమీక్ష ఇచ్చిన అలవాటు నాది. ముందుమాట, అట్ట వెనక మాటలు, మధ్యలో ఓ యాభై పేజీలు చూస్తే సరిపోయేది. అన్నేళ్లలో ఎవరూ పట్టుకోలేదు.

ఆయనది శ్రీకాకుళం వైపు. ఊరి అంచున బాగ్‌బేరా బస్తీలో ఇల్లు. ఆయన భార్యకు చదువు రాదు. మధ్యాహ్నం షిఫ్టు లేని రోజుల్లో, సాయంత్రం ఐదింటికి వరండాలో ఆయన పుస్తకం పైకి చదివితే ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ వినేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురైదుగురు చేరేవారు. వాళ్ల పిల్లలు హిందీలో మాట్లాడుకుంటూనే తెలుగు కథకు చెవి ఒగ్గేవారు. తనకు దొరికేది ఆ ఒక్క గంటేనని, మంచిదని ఎవరైనా చెబితే తప్ప పుస్తకం మొదలుపెట్టొద్దని ఆవిడ షరతు. ఆ చెప్పేవాణ్ణి నేను. నా రెండు వాక్యాల మీద నమ్మకంతో పుస్తకం ఆ వరండాకు వెళ్లేది.

ఈ నవలలో ఒక అక్క, చిన్న స్టేషన్ బయట టీ కొట్టు పెట్టుకుని ఇరవై ఏళ్లు చెల్లెలితో సహా ఇల్లంతా ఈదుకొస్తుంది. ఒక రోజు తన ఒక్కదానికే టికెట్ కొనుక్కుని ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది. నూట తొంభై రెండో పేజీ చివర రైలు వస్తుంది. పేజీ తిప్పితే మళ్లీ నూట డెబ్బై ఏడు. బైండింగులో చివరి పదహారు పేజీలు పడాల్సిన చోట అంతకు ముందరి పదహారే రెండోసారి పడ్డాయి. ఊపులో ఉన్న ఆయన గమనించకుండా చదువుకుంటూ పోయాడట. ఆపింది చదువురాని ఆవిడే. "వచ్చీసిన బండి మళ్లీ గంట లేటంతాడేటి ఆ స్టేషన్ మాస్టరు?" అందట.

ఇదంతా ఆయన నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేకపోయాను. ఎక్కింది అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. సగంలో ఆగిపోయిన వార్తలకు ముగింపు అతికించిన చేతులే ఇవి. కానీ ఆయన ఆ ఆగిన పేజీలో వేలు పెట్టుకునే నిలబడ్డాడు. అది చూసి, చదవలేదని చెప్పేశాను.

కోపగించలేదు. గోడ మీది జాబితాను పైనుంచి కింది దాకా చూశాడు.

"మరి మిగతావేటి?"

పదకొండు పుస్తకాల్లో నేను పూర్తిగా చదివినవి నాలుగు. ఆ మాటా చెప్పాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ ముందు కూడా ఒప్పుకోవాలనిపించింది. ఆవిడ విని, "అయితే మీకూ తెల్దన్నమాట. కూకోండి," అని టీ పెట్టడానికి లేచింది. ఇక మీదట ఏ పుస్తకం చదవాలో ఎవర్ని అడగాలని పక్కింటావిడ అడిగింది. ఆయన అందుకున్నాడు.

"షిఫ్టు దిగేటప్పుడు రిజిస్టర్లో మేం సేసిందొకటే రాయం బాబూ. సెయ్యంది కూడా రాత్తాం. లేపోతే ఎనకొచ్చినోడు సస్తాడు."

మరుసటి ఆదివారం జాబితా తీసేసి కొత్తది రాశాను. ప్రతి పుస్తకం పక్కన ఇంకో గడి చేర్చాను: ఎంతవరకు చదివాను. కొన్నిటికి 'మొత్తం' అని, కొన్నిటికి 'నలభై పేజీలు, విసుగొచ్చింది' అని, ఒకదానికి 'ఇంకా తెరవలేదు' అని రాశాను. సంఘంలోని ఇంజనీర్లు కొందరు ఇదేం జాబితా అన్నారు. ఆయన మాత్రం 'మొత్తం' అని ఉన్నదొకటి ఎంచుకుని పట్టుకెళ్లాడు. ఒక నర్సు తన వార్డు పని గురించి రాసుకున్న పుస్తకం అది.

ఆ గడి నాచేత పుస్తకాలు చదివించింది. ఆయన చేత తిరుగు జవాబులు చెప్పించింది. వంతెనలు కట్టే కూలీల మీద వచ్చిన పుస్తకం తిరిగి ఇస్తూ, రాసినాయన ఎప్పుడో పని చేసే ఉంటాడని, బరువు ఎత్తే ముందు తాడు బిగిసే క్షణాన్ని బయటివాడు అలా రాయలేడని అన్నాడు. అంత బాగా ఆ పుస్తకం గురించి నేను రాయలేకపోయాను. ఆ మాటనే ఆయన మాటగా గోడ మీద పెట్టాను. ఒక బడి పంతులమ్మ తొలి కథల సంపుటిలో ఎక్కడ నవ్వాలో నాకు ఆ వరండాలో విన్నాకే తెలిసింది. నేటికీ ఎవరైనా కొత్త పుస్తకం చెప్పమంటే ఎంతవరకు చదివానో ముందు చెబుతాను.

ఆ నవల పూర్తి ప్రతి కోసం ప్రచురణకర్తకు రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు, రెండోది తిరిగొచ్చింది. రెండు వేల సంవత్సరం దాటాక విజయవాడ వెళ్లినప్పుడు ఒక పాత పుస్తకాల కొట్టులో ఇంకో ప్రతి దొరికింది. అక్కడే నిలబడి తిరగేశాను. అందులోనూ రైలు రెండుసార్లు వచ్చింది.

ఆవిడ లెక్కన అక్క ఎక్కదు, టికెట్ చెల్లెలికిచ్చి కొట్టు తెరుస్తుంది. ఆయన లెక్కన ఎక్కి తీరుతుంది. జాబితాలో దాని పక్కన 'నూట తొంభై రెండో పేజీ వరకు' అని రాశాను. ఆ గడి ఇంకా అలాగే ఉంది. అక్క రైలెక్కిందో లేదో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.