నమ్మని చాచా

మార్కాపురంలో మిషన్లు బాగుచేసే చాచాకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. సొంత టెస్టర్‌ను కూడా వెలుగుతున్న బల్బు దగ్గర పరీక్షించాకే వాడేవాడు.

మా నాయన ఆక్సిజన్ మిషన్ ఒకరోజు పొద్దున ఆన్ కాలేదు. అద్దె సిలిండర్ పెట్టి, అమ్మను ఆయన దగ్గరుంచి, పెద్దారవీడు నుంచి ఆటోలో మిషన్‌ను చాచా దగ్గరికి తీసుకుపోయాను.

"బోర్డు కాలిపోయిందంట చాచా. మిషన్ అమ్మినాయన ఫోన్లో చెప్పినాడు."

"కాలింది ఆయన చూసినాడా?"

చాచా మిషన్ విప్పి, లోపల అన్నిటికీ కరెంటు పంచే బోర్డును వాసన చూశాడు. కాలిన కంపు లేదు. దాన్నుంచి మిగతా భాగాలకు పోయే వైర్లన్నీ పీకి స్విచ్ వేస్తే బోర్డు మీద పచ్చలైటు వెలిగింది. వైర్లు ఒక్కోటే తగిలిస్తూ పోయాడు. ఫ్యాన్ వైరు పెట్టగానే లైటు ఆరిపోయింది.

"ఫ్యాన్ షార్టయింది. అందుకే బోర్డు తనకు తానే ఆగిపోతాంది," అన్నాడు.

కొత్త ఫ్యాన్ వేశాక మిషన్ నడిచింది. నేను ఎత్తుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంకేం వంక చెబుతాడోనని నాకూ అనుమానం వచ్చింది.

"మీ ఇంటి కరెంటు మీద నాకు నమ్మకం లేదు. పోదాం పా," అంటూ షట్టర్ దించి ఆటో ఎక్కాడు.

మా ఇంట్లో ప్లగ్గు విప్పి, వదులైన వైరు బిగించాడు. మిషన్ పెట్టిన కాసేపటికి నాయన నిద్రపోయాడు.

"ఇంక భయం లేదు గదా, అన్నా?" అంది అమ్మ.

చాచా కుర్చీని మంచం పక్కకు జరుపుకున్నాడు.

"ఆయన లేచినాక చెప్తా," అన్నాడు.