ఒళ్లంతా వజ్రం, ఒక్కచోట తప్ప

మొన్న అటక దులుపుతుంటే నా పాత సేఫ్టీ బూట్ల జత బయటపడింది. వెనక భాగం అణిగిపోయి చెప్పుల్లా తయారైన ఆ జతను కోడలు పారేయబోతే వద్దన్నాను. నా తెలివితక్కువతనానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే మరి.

ఎనభైల్లో, ఉక్కు కర్మాగారం ఇంకా కడుతున్న రోజుల్లో, అందులో పనికి చేరి, కూర్మన్నపాలెంలో అద్దెగదిలో కొత్త కాపురం పెట్టాను. భద్రతా వారోత్సవాల్లో ఉపన్యాస పోటీకి మొదటి బహుమతి ప్రెషర్ కుక్కరని తెలిసి, పోటీ జరగకముందే మా ఆవిడకు కుక్కరు వచ్చేస్తోందని చెప్పేసిన ఘనుణ్ణి. రక్షణలో ఒక్క కంతున్నా ముప్పేనని చెప్పడానికి పాత పుస్తకాలు తిరగేసి, ఏ ఆయుధమూ దిగని వీరులందర్నీ పోగుచేశాను. చదివేకొద్దీ వింతగా తోచింది: దేశాలు వేరు, సముద్రాలు వేరు, కథ మాత్రం ఒకటే. గ్రీకు వీరుణ్ణి వాళ్లమ్మ మహిమగల నదిలో ముంచితే, తను పట్టుకున్న మడమ ఒక్కటీ తడవలేదు. మన పెద్ద కౌరవుణ్ణి తల్లి చూపు వజ్రం చేసింది, సిగ్గుపడి కప్పుకున్న తొడలు తప్ప. జర్మనీ వీరుడు మహాసర్పం నెత్తుట్లో స్నానం చేస్తుంటే వీపు మీద ఆకొకటి రాలి అంటుకుంది. ఎవరి కవచంలోనూ కంత శత్రువు పెట్టింది కాదు. అమ్మ చెయ్యి, సిగ్గు, చెట్టు ఆకు పెట్టినవే. ఎందుకిలా అని ఇప్పటికీ నాకు ఆలోచనే.

వేదికెక్కి మడమ దగ్గరికొచ్చేసరికి, వెనక వరసలోంచి కంచరపాలెం ఫిట్టరు బావ లేచాడు. చుట్టరికమేం లేదు, అక్కడ మగాళ్లంతా ఒకరికొకరు బావలే.

"ఆడి మడం సంగతి సరే గానీ బావా, ముందు నీ మడం ఏటో సూసుకో!"

చూసుకుందును గదా, కరుస్తున్నాయని వెనక తొక్కేసి ఈడ్చుకుంటూ వచ్చిన భద్రతా బూట్లు! షామియానా ఊగేలా నవ్వారు. ఉక్కులా నిలబడాల్సినవాణ్ణి ఉక్కిరిబిక్కిరయ్యాను. కుక్కరు ఇంకెవరింటికో వెళ్లి ఈల వేసింది. మా ఆవిడ గిన్నెలో పప్పు ఉడికినంతసేపూ నా వైపే చూసేది.

మరుసటి ఏడు మాట్లాడమని పైవాళ్లు బావకే పురమాయించారు. "నాకేటి తెల్దు బావా, ఆ వీరుల కతే రాసి పెట్టు" అంటూ నా దగ్గరికే వచ్చాడు. మనసుపెట్టి రాశాను, పారశీక వీరుణ్ణి కొత్తగా చేర్చాను. బావ అదరగొట్టాడు, ఆఖర్న పారశీకుడి దగ్గరికొచ్చాడు. "ఒళ్లంతా వజ్రమే, ఒక్కచోట తప్ప!" అని చదివి ఆగాడు, నేను రాసిచ్చిన కాగితం అక్కడితోనే ఆగింది గనక.

"ఎక్కడ బావా ఆ ఒక్కచోటు?" అని జనంలోంచి కేక.

బావ కాగితం తిప్పాడు, బోర్లించాడు, చివరికి నా వైపు చూశాడు. ఇప్పుడైతే ఎవరో ఒకరు ఫోను తీసి, ఆ చోటు కళ్లేనని క్షణంలో చెప్పేసేవారు. ఆ రోజు అంత జనంలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్కడికే తెలిసిన సంగతికి అప్పట్లో అంత విలువుండేది. బావ వైపే చూస్తూ, అందరికీ పంచిన మజ్జిగను, నా గ్లాసులో చివరి చుక్క దాకా నెమ్మదిగా తాగాను.