నడుం దగ్గరికి లాగే పిడికిలి

అమీర్‌పేటలో మా జావా కోచింగ్ సెంటర్ పై అంతస్తులో కరాటే నేర్చుకుంటున్నాను. ఒక చేత్తో గుద్దేటప్పుడల్లా రెండో పిడికిలిని నడుం దగ్గరికి లాగాలంటారు మాస్టర్. అదెందుకని ఈ ఉదయం అడిగాను.

"గవన్నీ నీకెందుకమ్మా? అట్ల చేస్తే పరీక్షల కాటా విన్యాసం మంచిగ కనబడతది, బెల్టు వస్తది" అన్నారు.

సాయంత్రం పంజాగుట్ట దగ్గర, కిక్కిరిసిన బస్సులో వెనకనుంచి ఒకడు నా నడుం మీద చెయ్యి వేశాడు. ఆలోచించకుండానే పిడికిలి బిగించి వెనక్కి లాగాను. మోచెయ్యి వాడి పక్కటెముకల్లో దిగింది.

"జర చూస్కోరాదు మేడమ్" అని మూలిగాడు. చూడకుండానే అంత బాగా తగిలింది మరి.

బెల్టు చూసి చెయ్యి తీసేసిన వెధవ మీలో ఎవరికైనా ఎదురయ్యాడా? రేపు క్లాసులో మాస్టర్‌ని నా వెనక నిలబడమంటాను.