అటువైపు రంగు

కృష్ణానగర్‌లో అద్దె గదిలో ఒంటరిగా ఉండే కాశీవిశ్వనాథం సినిమా సెట్లకు రంగులు వేసేవాడు. ఎంత అందంగా వేసినా షూటింగ్ కాగానే వాటిని కూల్చేసేవారు. భార్య జగదాంబ పోయాక ఆయనతో మాట్లాడే మనిషే కరువైంది. ఒక్క భూలక్ష్మి మాత్రం పొద్దున్నే టీ కొట్టు దగ్గర సైకిలాపి పలకరించేది. ఆమె రహమత్ నగర్ నుంచి జూబ్లీహిల్స్‌కు వంటపనికి వెళ్లేది.

"తిన్నవా కాకా?"

"తిన్నానమ్మా," అనేవాడు. చాలాసార్లు అబద్ధమే. ఆ ఒక్క మాట కోసమే ఆయన అక్కడ కూర్చునేవాడు, టీ వంక మాత్రమే.

జూబ్లీహిల్స్‌లో ఒక కాలనీవాళ్లు పార్కు వెంట సైకిల్ బాట వేశారు. అది ఒకచోట వాలు రోడ్డును దాటుతుంది. అక్కడ రోడ్డును అడ్డంగా కాస్త ఎత్తు చేసి, రెండు పక్కలా ఏటవాలుగా దించారు. బండ్లవాళ్లకు దూరం నుంచే కనిపించేలా దానిమీద తెల్ల చారలు వేయమని కాలనీ సెక్రటరీ రవిచంద్ర ఈయనకు చెప్పాడు. భూలక్ష్మి రోజూ దాటేది అక్కడే. కాశీవిశ్వనాథం ప్రాణం పెట్టి వేశాడు.

"దీన్ని కూల్చరు కదండీ?"

"ఎవరు కూలుస్తారండీ, అదిరింది," అన్నాడు రవిచంద్ర, రోడ్డు దిగువన నిలబడి చూసి.

సెట్టులో కెమెరాకు కనపడే వైపే రంగు వేస్తారు. వెనకవైపు వేస్తే దండగని మేస్త్రీ తిడతాడు. కాశీవిశ్వనాథం దిగువ నుంచి వచ్చేవాళ్లకు కనపడే వైపు చారలు వేసి, ఎగువ వైపు వదిలేశాడు. అలవాటులో పొరపాటు. ఆయన్నేమీ అనలేను, నా కోపమంతా రవిచంద్ర మీదే. రోజూ పైనుంచి కారులో దిగే మనిషికి కళ్లేమయ్యాయి?

వారం తిరక్కుండానే ఫిలింనగర్ వైపు నుంచి దిగిన కారొకటి భూలక్ష్మిని గుద్దింది. ఆమె కాలు విరిగింది.

కాశీవిశ్వనాథం ఆమెను చూడటానికి ఆసుపత్రికి వెళ్లాడు. "పైనుంచి వచ్చేటాయనకు ఏం కనవడలేదంట కాకా. గటు దిక్కు రంగే లేదంట," అంది.

"అటువైపు నేనే వదిలేశానమ్మా."

ఆమె గోడవైపు తిరిగింది. తర్వాత, "తిన్నవా?" అంది.

లేదని తల ఊపి, ఆయన ఏడ్చాడు.

మర్నాడే వెళ్లి ఎగువ వైపు కూడా చారలు వేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. భూలక్ష్మిని తమ్ముడు మెదక్ తీసుకుపోయాడు.

ఇప్పుడాయన టీ కొట్టుకు వెళ్లడు. పొద్దున్నే ఆ చారల దగ్గర నిలబడతాడు. బండ్లు రెండు వైపులా నెమ్మదిస్తాయి. మొన్న ఒక కారు పూర్తిగా ఆగింది. డ్రైవరు, దాటు పెద్దాయనా అన్నట్టు చెయ్యి ఊపాడు. కాదనలేక కాశీవిశ్వనాథం దాటాడు. అటువైపు ఆయనకు పనేమీ లేదు. కాసేపు నిలబడి మళ్లీ ఇటు బయలుదేరితే, ఇంకో కారు ఆగింది.